నాలుగు కాటాలు, నల్లటి నేల

నేను ఎవరినీ తేలిగ్గా నమ్మను. గొప్పకి చెప్పడం లేదు, ఒక జబ్బు గురించి చెప్పినట్టే చెబుతున్నాను. గుంటూరు మిర్చి యార్డులో పదేళ్ళు కాటాలు బాగుచేశాను. ఆ తర్వాత ప్రత్తిపాడు అవతల ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో, రిటైరయ్యేదాకా, లారీలు తూచే వేబ్రిడ్జి చూశాను. తూకం దగ్గర మనిషి ఎన్ని వేషాలు వేస్తాడో నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. బస్తా మీద నీళ్ళు చల్లేవాడు, కాటా అంచున బొటనవేలు ఆనించేవాడు, లారీ తూగేటప్పుడు క్యాబిన్ సీటు కింద రాళ్ళు పెట్టి, దింపాక వాటిని పొలంలో పారేసి వచ్చేవాడు. వీళ్ళందరినీ పట్టుకున్నాను. పట్టుకున్న ప్రతిసారీ నా జబ్బు ఇంకాస్త ముదిరింది.

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న కుర్రకారు కోసం ఇది రాస్తున్నాను. నేను పట్టుకున్న దొంగల గురించి కాదు, దొంగ కానివాడిని పట్టుకున్న రోజు గురించి.

మా మిల్లు యజమానికి ఒక్కతే కూతురు. చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతూ గో-కార్ట్‌లు తోలడం మొదలుపెట్టింది. చదువు అయ్యేసరికి రేసు కారు కావాలంది. ఆయన మొదట తిట్టాడు, తర్వాత మూడు రోజులు మాట్లాడడం మానేశాడు, నాలుగో రోజు కోయంబత్తూరు వెళ్ళి ఒక పాత సింగిల్ సీటర్ కొనుక్కొచ్చాడు. ట్రైలర్ మీంచి దాన్ని దింపుతుంటే చూశాను. పైకప్పు లేదు, తలుపుల్లేవు, నాలుగు చక్రాలూ బయటికే ఉన్నాయి, మధ్యలో ఒక్క మనిషి కాళ్ళు చాపుకొని పడుకునేంత చోటు. "ఇదేంటండీ, సగం కట్టి అమ్మేశారా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు.

రేసు కారుతో నాకేం పని అంటారేమో. ఆ కారుకి నాలుగు చక్రాల కిందా నాలుగు చిన్న కాటాలు పెట్టి, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతుందో చూడాలి. ప్రతి స్ప్రింగు అడుగునా ఒక రింగు నట్టు ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పితే ఆ మూల బరువు మారుతుంది. ఐమూలగా ఎదురుగా ఉన్న మూలల బరువులు కుదిరితేనే కారు రెండు వైపులా ఒకేలా తిరుగుతుంది. కుదరకపోతే ఒక వైపు చక్కగా తిరిగి, రెండో వైపు మొండికేస్తుంది. కాటా అన్న మాట వినగానే యజమానికి నేను గుర్తొచ్చాను. ఆ విధంగా యాభై దాటాక నేను రేసు టీమ్‌లో పడ్డాను.

టీమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. యజమాని, ఆయన కూతురు, నేను, ఒక మెకానిక్. అంతే. మిల్లు వెనక ఒకప్పుడు పత్తి గింజలు పోసే షెడ్డే మా వర్క్‌షాపు. మెకానిక్‌ది పిడుగురాళ్ల. సున్నపురాయి లారీలకు చక్రాల మీది స్ప్రింగులు, కమాన్ కట్టలు బాగుచేస్తూ పెరిగాడు, తర్వాత రెండేళ్ళు కోయంబత్తూరులో ఎవరి టీమ్‌లోనో చేశాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను బాబాయ్ అనేవాడు. మాట తక్కువ మనిషి. కారు మూలల మీద అరచేత్తో నొక్కి, అది పైకి లేచే తీరు చూసి, ఏదో అర్థమైనట్టు తల ఊపేవాడు. ఆ తల ఊపడం నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. చేతికి ఏం తెలుస్తుంది? తెలిసేది కాటాకి.

ఆ ఏడాది సీజన్‌లో ఐదు పోటీలు. మొదటి పోటీలో యజమాని కూతురు, టీమ్‌లో అందరికీ ఆమె మా అమ్మాయే, నాలుగో స్థానంలో వచ్చింది. కొత్త టీమ్‌కి అది చాలా ఎక్కువ. ఆ సంతోషంలో యజమాని షెడ్డుకి కొత్త నేల వేయిస్తానన్నాడు. పాతది పెచ్చులూడిన సిమెంటు నేల, ఎగుడుదిగుడు. దాని మీద తూకం వేయడానికి నేను నాలుగు చోట్ల పసుపు రంగుతో చదరాలు గీసి, ఒక్కో చదరంలో ఒక్కో మందం ఇనుప రేకు పెట్టి, ఆ రేకుల మీద నంబర్లు కూడా వేసుకున్నాను. చీమకుర్తి నుంచి నల్ల గ్రానైట్ పలకలు వచ్చాయి. పరిచింది మా ఊరి తాపీ మేస్త్రీ, మంచి పనివాడు. అప్పుడు పత్తి సీజన్, వేబ్రిడ్జి దగ్గర నాకు ఊపిరాడడం లేదు. పని అయ్యాక వెళ్ళి చూస్తే నేల మీద నా ముఖం కనిపించింది. రేకులతో ఇక పనేముందని నాలుగూ పాత ఇనుము వాడికి వేసేశాను.

రెండో పోటీ నుంచి కారు పాడైంది. ఎడమ మలుపుల్లో బాగానే ఉండేది. కుడి మలుపు వస్తే చాలు, ముక్కు బయటికి లాగేది, సర్దబోతే వెనక భాగం జారేది. మా అమ్మాయి పదకొండో స్థానంలో వచ్చి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని టెంటులో కూర్చుంది. ఆ సీజన్ ఆమెకి చాలా ముఖ్యం. ఐదు పోటీల్లో ఒక్కసారైనా మొదటి మూడింటిలో రాకపోతే కారు అమ్మేసి, పెళ్ళి సంబంధాలు చూస్తానని తండ్రి ముందే చెప్పాడు. ఆ మాట మా నలుగురికీ తెలుసు.

నేను తూకం మళ్ళీ చూశాను. నాలుగు బరువులూ కుదిరాయి. ట్రాక్ దగ్గర అధికారులు కారుని తూచినప్పుడు మొత్తం బరువు కూడా నా లెక్కతో సరిపోయింది. కాటా తప్పు కాదు. మరి షెడ్డుకీ ట్రాక్‌కీ మధ్య ఎవరో చెయ్యి పెడుతున్నారు. నా బుర్ర అటే పోయింది, ఇంకెటు పోతుంది? ఆ చెయ్యి ఎవరిదన్నది ఆలోచించాల్సిన పని లేదు. ఉన్నది నలుగురం.

అప్పటి నుంచి మెకానిక్‌ని గమనించడం మొదలుపెట్టాను. ఫోన్ వస్తే పక్కకి వెళ్ళి మాట్లాడేవాడు. నేను దగ్గరికి వెళ్తే గొంతు తగ్గించేవాడు. రెండో పోటీ రోజున వేరే టీమ్ టెంటులో కూర్చుని టీ తాగుతూ, నేల మీద పుల్లతో ఏదో గీసి చూపించడం నా కళ్ళతో చూశాను. కోయంబత్తూరు పాత స్నేహాలు, ఇక్కడి రహస్యాలు అక్కడ అమ్ముతున్నాడు అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే ఈ కథే లేదు. పక్క టెంటుల్లో నాకు తెలిసిన ముగ్గురితో, మావాడి మీద ఒక కన్నేసి ఉంచండి అని చెవిలో వేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు. అలాంటి మాటకి జనం కారణం అడగరు.

మూడో పోటీకి ముందు వల వేశాను. కాటా బాగుచేశాక ఎవరూ విప్పకుండా సీలు వేస్తాం కదా, అదే పద్ధతి. షెడ్డులో తూకం కుదిర్చి, అతను భోజనానికి వెళ్ళినప్పుడు, నాలుగు రింగు నట్లకీ వాటి కింది గొట్టానికీ కలిపి పసుపు రంగుతో సన్నటి గీత గీశాను. నట్టు కదిలితే గీత విడిపోతుంది. ఎంత కదిలిందో కూడా తెలుస్తుంది. చీపురుపుల్ల అంత సన్నగా గీశాను. నా పనితనాన్ని నేనే మెచ్చుకున్నాను.

చెన్నై దగ్గరి ట్రాక్ అది. శనివారం పొద్దున ప్రాక్టీసులో కారు మామూలుగానే కుడి వైపు మొండికేసింది. మధ్యాహ్నం మొదటి రేసులో మాత్రం మా అమ్మాయి మూడో స్థానంలో వచ్చింది. యజమాని నన్ను కావలించుకున్నాడు. ఆమె కారు దిగి, "ఇవాళ నేను చెప్పినట్టు విన్నది బాబాయ్" అంది. నేను నవ్వాను గానీ, నా చూపు నట్ల మీదే ఉంది. అందరూ ఫొటోలకి వెళ్ళగానే వంగి చూశాను. రెండు గీతలు విడిపోయి ఉన్నాయి. ముందు ఎడమ, వెనక కుడి.

మీరైతే ఏమనుకునేవాళ్ళు? నట్టు తిప్పాక కారు బాగుపడింది కదా, తిప్పినవాడు మంచే చేశాడు అనుకునేవాళ్ళు. నేను అలా అనుకోలేదు. వీడే పాడుచేస్తున్నాడు, వీడే బాగుచేసి పేరు కొట్టేస్తున్నాడు, రేపు నన్ను షెడ్డు నుంచి పంపిస్తాడు అనుకున్నాను. యార్డులో అలాంటివాళ్ళని చూశాను. ముందు కాటాని వంకర చేసి, తర్వాత వచ్చి నేను బాగుచేస్తాను అనేవాళ్ళు. ఆ మూడో పోటీలోనే ఆదివారం రెండో రేసు ఉంది. అతను టిఫిన్‌కి వెళ్ళిన పది నిమిషాల్లో, ఆ రెండు నట్లనీ నా గీతల దగ్గరికి తిప్పేశాను. కాటా చెప్పినట్టు పెట్టాను. ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు.

మూడో ల్యాప్‌లో కుడి మలుపు దగ్గర కారు జారింది. శనివారం తిరిగిన వేగంతోనే ఆమె నమ్మకంగా వెళ్ళింది. కారు టైర్ల గోడకి పక్కగా కొట్టుకుంది. దుమ్ము తగ్గేదాకా ఏమీ కనిపించలేదు. ఆ కాసేపూ యజమాని నా చెయ్యి పట్టుకున్నాడు, ఎంత గట్టిగా అంటే తర్వాత చూస్తే వేళ్ళ గుర్తులున్నాయి. ఆమె తనంతట తానే దిగింది. ఎడమ మణికట్టు బెణికింది, భుజం వాచింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

నేను అప్పుడు మాట్లాడాను. యజమాని ముందు, పక్క టెంటు వాళ్ళు నలుగురు చూస్తుండగా, నట్ల సంగతి మొత్తం చెప్పాను. గీతలు గీశానని, అవి విడిపోయాయని, ఇతను దొంగచాటుగా తిప్పాడని, నేను సరిగ్గా పెట్టానని. చెబుతుంటే నా గొంతు బాగా పెరిగింది. పిడుగురాళ్ల మనిషి అంతా విని ఒక్కటే అడిగాడు.

"పొద్దున వాటిని వెనక్కి తిప్పింది మీరా బాబాయ్?"

"నేనే. కాటా చెప్పినట్టు పెట్టాను."

"కాటా ఏం చెప్పిందో నాకు తెలీదండీ. ఆ అమ్మాయి కుడి వైపు తిప్పాలంటే భయపడుతోంది. అది నాకు తెలుసు. మీ తూకం తప్పని పదిమందిలో అనలేక చెప్పకుండా తిప్పాను."

యజమాని నా వైపు చూశాడు, అతని వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన పత్తి లారీలన్నీ నా మాట మీద తూగాయి. ఇతను వచ్చి ఏడాది కూడా కాలేదు. "నువ్వెళ్ళిపోవయ్యా" అన్నాడు అతనితో. అతను పానాల పెట్టె తీసుకున్నాడు. పెట్టెలో ఒక రెంచి టీమ్‌ది ఉంటే తీసి బల్ల మీద పెట్టాడు. అది చూసి కూడా నాకు, నాటకం బాగా ఆడుతున్నాడు అనిపించింది. జబ్బు అంత ముదిరింది మరి.

మా అమ్మాయి కట్టు కట్టించుకుని వచ్చేసరికి అతను లేడు. సంగతి విని నాతో, "నేనే అడిగాను బాబాయ్, ఏదో ఒకటి చేయమని. చెప్పొద్దన్నది కూడా నేనే, మీరు నొచ్చుకుంటారని" అంది. తర్వాత వారం పాటు నాతో మాట్లాడలేదు. ఆ వారంలో నేను ఆమెను కూడా అనుమానించానంటే మీరు నమ్ముతారా? ఇద్దరూ కలిసి నన్ను తప్పించాలని చూశారేమో అని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

కారు బాగుచేసి షెడ్డులో పెట్టారు. నాలుగో పోటీకి మణికట్టు కుదరక వెళ్ళలేదు. మిగిలింది ఐదోది. శనివారం మూడో స్థానం తండ్రి షరతుకి చాలుతుందని ఆమె అంది. కానీ ఆదివారం చూశాక తండ్రికి షరతు కాదు, భయం పట్టుకుంది. కారు సరిగ్గా ఉందని తేలితే తప్ప ఐదో పోటీకి పంపనన్నాడు. తేల్చాల్సింది నేను.

ఒక పొద్దున షెడ్డులో నూనె ఒలికితే సర్ఫు నీళ్ళతో కడిగాం. బకెట్టు దొర్లించి నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నీళ్ళు నాలుగు వైపులా పారతాయనుకుంటే, అన్నీ కలిసి వెనక కుడి మూలకే పోయాయి. తొందర లేకుండా, దారి తెలిసినట్టే పోయాయి. అక్కడ గోడ అడుగున చిన్న కన్నం ఉంది. నేను అంతవరకూ ఆ కన్నం చూడనే లేదు. నా మూడో నంబరు కాటా పెట్టే చోటు సరిగ్గా దాని ముందే.

తాపీ మేస్త్రీని పిలిపించాను. రాగానే నేల వైపు చూసి ముచ్చటపడ్డాడు. ఈ మూలకి నేల ఎందుకు దిగిందయ్యా అని అడిగాను.

"దిగలేదండీ, నేనే వాటం ఇచ్చాను" అన్నాడు. "మిరపకాయలు పోసే కళ్ళాలన్నిటికీ అలాగే ఇస్తాం కదా. వానొస్తే నీళ్ళు నిలబడకూడదు. మీరు బండి కడుగుతారని తెలిసి ఆ మూలకి తీశాను. కంటికి తెలీకుండా తీశానండీ, అదే పనితనం."

నిజంగానే పనితనం. కళ్ళాలు కట్టీ కట్టీ అతని చేతికి వాటం లేని నేల వేయడం రాదు. నేను అతన్ని ఒక్క మాట అనలేదు. ఏమనాలి? చదునుగా కావాలని నేను చెప్పలేదు. చదునుగా ఉందా అని కొలవలేదు. కాటా పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు నేను చెప్పిన మాట ఒకటే. ముందు కాటాని కాదు, కాటా కింది నేలని చూడు. ముప్పై ఏళ్ళు చెప్పాను. నా ముఖం కనిపించేసరికి మర్చిపోయాను.

మేస్త్రీ దగ్గరే మట్టం చూసే నీళ్ళ గొట్టం తీసుకుని, ఇద్దరం చెరో కొన పట్టుకుని కొలిచాం. ఆ మూల అర సెంటీమీటరు పైగా కిందికి ఉంది. లారీకి అది లెక్కే కాదు. రేసు కారుకి అది చాలు. మొత్తం బరువు సరిగ్గానే వస్తుంది, నాలుగు చక్రాలకీ దాని పంపకమే తప్పుతుంది. మూడో కాటా కింద రేకులు పేర్చి, మట్టం చేసి, మళ్ళీ తూచాను. బరువులు కుదరలేదు. అవి కుదిరేదాకా రెండు నట్లనీ కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోయాను. ముందు ఎడమ, వెనక కుడి. కుదిరాక టార్చి వేసి నా పసుపు గీతలు చూశాను.

దొంగని పట్టుకోవడానికి నేను గీసిన గీతలు. ఆ శనివారం అవి ఎంత విడిపోయాయో నాకు బాగా గుర్తు, ఎందుకంటే సాక్ష్యంగా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. ఫొటో పక్కన పెట్టి చూశాను. అంతే దూరం. ఒక నట్టు దగ్గర వెంట్రుకవాసి తేడా, రెండో దాని దగ్గర అదీ లేదు. కాటా లేకుండా, అరచేత్తో నొక్కి, ఒక్క పూటలో అతను పెట్టిన చోటు అది. నేను కింద కూర్చుండిపోయాను. మేస్త్రీ నడుం పట్టేసిందనుకుని నీళ్ళు తెచ్చాడు.

మరునాడు యజమానికీ, ఆయన కూతురికీ జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి వేబ్రిడ్జి వైపు చూశాడు. ఇన్నేళ్ళ పత్తి లారీలు ఆయన కళ్ళ ముందు తిరిగాయేమో. అడగలేదు, అంతవరకు ఆయన మర్యాద.

పిడుగురాళ్లలో అతను లారీల షెడ్డులో ఉన్నాడు. తెల్లటి సున్నం దుమ్ము జుట్టు నిండా ఉంది. ఫొటో చూపించాను, నేల సంగతి చెప్పాను, తప్పు నాదన్నాను. అతను ఫొటో వైపు కాసేపు చూశాడు గానీ, సంతోషించలేదు.

"ట్రాక్ దగ్గర ఇంకా ఎవరికి చెప్పారు బాబాయ్ నా గురించి? కోయంబత్తూరులో పనికి అడిగితే, మీ గుంటూరు సంగతి విన్నాంలే అన్నారు."

ముగ్గురికి చెప్పానన్నాను. ఆ వేరే టెంటులో టీ తాగుతూ ఏం గీశావని కూడా అడిగేశాను, అడక్కుండా ఉండలేకపోయాను. తన పాత గురువు అక్కడే పనిచేస్తున్నాడట. ఒక వైపే మొండికేసే కారుకి కారణం ఏమై ఉంటుందని అడిగాడట, టీమ్ పేరు చెప్పకుండా. ఆ ఫోన్లూ అవే. ఆయనేమన్నాడంటే, నేల చూడమన్నాడట. "మీ నేల గురించి మీకెలా చెప్పను" అన్నాడు.

ఐదో పోటీకి వస్తావా అని అడిగాను. ముందు ఆ ముగ్గురి దగ్గరికీ వెళ్ళి రమ్మన్నాడు. పోటీకి రెండు రోజుల ముందే వెళ్ళి, టెంటు టెంటుకీ తిరిగాను. మొదట నేను చెప్పింది తప్పు, అతను మంచివాడు అని చెప్పాను. ఒకాయన సరేలెండి అన్నాడు. ఇంకొకాయన నవ్వి, "రాజీ పడ్డారా?" అని అడిగాడు. మూడో ఆయనకి మొదట నేను చెప్పిందే గుర్తులేదు, కానీ ఆ అబ్బాయి దొంగ అని మాత్రం గుర్తుంది. ఎంత చెప్పినా ఆ ముఖాల మీద అనుమానం చెరగలేదు. అది నేను పెట్టిందే, తీయడం నా వల్ల కాలేదు.

ఆ సంగతీ దాచకుండా అతనికి ఫోన్‌లో చెప్పాను. "వస్తాను" అన్నాడు.

ఐదో పోటీలో మా అమ్మాయి రెండో స్థానంలో వచ్చింది. కారు రెండు వైపులా ఒకేలా తిరిగింది. తండ్రి పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు, ఆమె ఇంకో మూడేళ్ళు తోలింది. ఆ మూడేళ్ళూ మేమిద్దరం కలిసే పనిచేశాం. అతను నన్ను బాబాయ్ అనడం మానలేదు. టిఫిన్ తెస్తే నాకూ తెచ్చేవాడు. మా ఇంట్లో శుభకార్యానికి కుటుంబంతో వచ్చి వెళ్ళాడు.

కానీ తూకం రోజున మాత్రం, నేను కాటాలు పెట్టెలోంచి తీసేలోపే, అతను నీళ్ళ గొట్టం పట్టుకుని ఆ నల్లటి నేల మీద నిలబడి ఉండేవాడు. రేకులు నిన్ననే చూశాను, బాగానే ఉన్నాయిరా అని రెండు మూడుసార్లు అన్నాను. సరే బాబాయ్ అనేవాడు, గొట్టం మాత్రం కింద పెట్టేవాడు కాదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా నా మాట మీద వదల్లేదు. నేను వెళ్ళి రెండో కొన పట్టుకునేవాడిని.